మూడో నంబరు సీసా

తూమువరం,
డిసెంబరు 3.

మామయ్యకి,
శ్రీజ నమస్కారాలు. దుర్గాంబ అత్తయ్యకి కూడా.

మీ చెవులు రెండూ పూర్తిగా సెలవు పెట్టాయని అమ్మ చెప్పింది. ఫోన్‌లో మెసేజ్ పెడతానంటే ఆ అక్షరాలు కంటికి ఆనవు, కాగితం మీద రాయమను అన్నారట. సరే, రాస్తున్నాను. నా చేతిరాత చూసి మళ్ళీ రికార్డు రాయించిన రోజుల్లాగా తిప్పి పంపకండి.

రాయడానికి పని కూడా ఒకటి తగిలింది. ఈ కవరుతో పాటు అద్దంకి బస్సులో మూడు సీసాలు వస్తున్నాయి. నేనిక్కడ మునిసిపల్ నీళ్ళ ల్యాబులో కాంట్రాక్టు ఎనలిస్టుగా చేరి ఆరు నెలలైంది కదా. నెలకోసారి నగరంలో నలభై రెండు చోట్ల కుళాయి నీళ్ళు తెచ్చి, పరీక్ష చేసి, రిపోర్టు మీద సంతకం పెట్టడం నా పని. నలభై ఒక్క చోట్ల ఏ పేచీ లేదు. పేచీ అంతా గిడ్డంగి కాలనీతోనే.

మిర్చి గిడ్డంగుల వెనకాల కాలనీ అది. ముందు వీధిలో గుమాస్తాల డాబాలు, వెనక వీధుల్లో మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళ ఇళ్ళు. రోజంతా తొడిమలు తీసి ఇంటికొస్తే చేతులు భగభగమంటాయి. సబ్బుతో కడిగితే నురగ రాదట, తెల్లటి మడ్డి చేతికి అంటుకుంటుందట, మంట పోదట. చంటిపిల్లల్ని ఎత్తుకోలేకపోతున్నాం, మా చెయ్యి తగిలితే ఏడుస్తున్నారు అని ఆగస్టులో అర్జీ పెట్టారు. వాళ్ళకి బోరు నీళ్ళూ కాలవ నీళ్ళూ కలిపి ఇస్తున్నారు. బోరు నీళ్ళు వద్దు, కాలవ నీళ్ళే ఇవ్వమంటున్నారు. దానికి కొత్త గొట్టం వెయ్యాలి. ఈ ఏడాది ఒక్క కాలనీకే వేస్తారు. జూలై నుంచి డిసెంబరు దాకా మా రిపోర్టుల సగటు చూసి, ఎక్కడి నీళ్ళు ఎక్కువ కఠినంగా ఉంటే ఆ కాలనీ పేరు మార్చిలో జాబితాకి ఎక్కిస్తారు.

నా రిపోర్టులో గిడ్డంగి కాలనీ కఠినత ప్రతినెలా తొంభై చుట్టూనే ఉంది. పోయిన నెల 92. రెండొందల లోపు ఉంటే మంచి నీళ్ళని మీకు చెప్పక్కర్లేదు. మా ఏఈ అనిల్ కుమార్ గారు నా కాగితం జతచేసి, అర్జీ మీద ‘నీరు ప్రమాణాల మేరకు ఉన్నది’ అని రాసేశారు.

ఆ వెనక వీధిలోనే ఉంటాడు మా వాల్వులు తిప్పే అంకయ్య. నిన్న ల్యాబు గుమ్మంలో నుంచుని, “మేడమ్, మీ కాయితంలో ఉన్న నీళ్ళు ఏ కుళాయిలో వస్తయ్యో చెప్పండి, బిందె పట్టుకుని పోతాను” అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

దాంతో నాకు నా చేతి మీదే అనుమానం వచ్చింది. కానీ మామయ్యా, ఇంటర్ కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో బ్యూరెట్ రీడింగు మూడుసార్లూ 9.8 వచ్చిన చెయ్యి ఇది. ఆ రోజు ల్యాబ్ అసిస్టెంటుగా మీరే అక్కడున్నారు. ఈ ఉద్యోగం ఇంటర్వ్యూలో కూడా నా గొప్ప చెప్పుకోవడానికి ఆ ఒక్క సంగతే దొరికింది.

ఒకటో సీసా మార్కెట్ సెంటరుది. రెండోది బస్టాండుది. మూడోది గిడ్డంగి కాలనీ ముందు వీధిలో కోటేశ్వరి గారింటిది. అర్జీ మీద మొదటి సంతకం ఆవిడదే. కుళాయి రెండు నిమిషాలు వదలాలి, సీసా మూడుసార్లు తొలవాలి, అంచు దాకా నింపాలి అన్నది నిబంధన. అన్నీ అంచు దాకా నిండే ఉన్నాయి. మీరూ ఒకసారి చూసి చెప్పండి.

మీ
శ్రీజ


అద్దంకి,
డిసెంబరు 11.

చి. శ్రీజకి,
మామయ్య ఆశీస్సులు.

సీసాలు చేరాయి. కండక్టరు వాటిని నా చేతికిస్తూ ఏదో అన్నాడు. వినపడలేదు, నవ్వాను. ఈ మధ్య అందరికీ అదే నా సమాధానం, దానితో చాలావరకు గడిచిపోతోంది కూడా.

రిటైరైనప్పుడు కాలేజీ వాళ్ళు శాలువా కప్పారు. నేను మాత్రం పగుళ్ళొచ్చి పక్కన పడేసిన స్టాండు ఒకటి, మంచి బ్యూరెట్ ఒకటి అడిగి తెచ్చుకున్నాను. శాలువా ఎక్కడుందో తెలియదు. బ్యూరెట్ ఇప్పుడు పనికొచ్చింది.

ముందు సబ్బు నీళ్ళు చుక్కలు వేసి ఊపాను. ఒకటో సీసా, రెండో సీసా కాసేపు బెట్టు చేసి నురగ ఇచ్చాయి. మూడోది నాలుగు చుక్కలకే సీసా మూతి దాకా పొంగింది. తర్వాత మీ అత్తయ్యని బతిమాలి, మూడు చిన్న గిన్నెల్లో గుప్పెడేసి కందిపప్పు పెట్టించాను. మొదటి రెండూ ఉడకడానికి ముప్పావుగంట పైనే తీసుకున్నాయి. మూడోది ఇరవై రెండు నిమిషాల్లో వెన్నలా అయింది. మీ అత్తయ్య రుచి చూసి, నాకు వినపడదని కేలండరు వెనక రాసి చూపించింది: ‘ఈ నీళ్ళు ఎక్కడివి? మనకీ తెప్పించండి.’

ఆ తర్వాతే బ్యూరెట్ ఎత్తాను. మూడో సీసాకి నాకు 90 వచ్చింది. నీకు 92. కాబట్టి నీ రీడింగుకి వంక పెట్టడానికి లేదు. ఆ 9.8 సంగతి వదిలెయ్, పదేళ్ళ నాటి మాట.

రీడింగు సరైనదే, అంకయ్య చెప్పేదీ సరైనదే అయితే, తప్పు ఇంకెక్కడో ఉంది. మూడు ప్రశ్నలు అడుగుతున్నాను, మూడింటికీ జవాబు రాయి. ఆ కాలనీకి కలిపే కాలవ నీళ్ళ కఠినత ఎంత? పంపుహౌసులో బ్లీచింగు కలుపుతారు కదా, మూడో సీసాలో ఆ వాసన ఇసుమంతైనా ఎందుకు లేదు? ఆ సీసా నింపింది ఎవరు?

మీ అత్తయ్య నిన్ను పచ్చళ్ళకి రమ్మంటోంది. కొత్తకారం రాగానే కబురు చేస్తుందట.

ఇట్లు
మామయ్య రామకాంత్


తూమువరం,
డిసెంబరు 29.

మామయ్యకి,
నమస్కారాలు.

జవాబు ఆలస్యమైంది. నెలాఖరు రిపోర్టులు, పైగా మా ల్యాబు ఫ్రిజ్ పాడైంది. మెకానిక్ నాగూర్ వలి వచ్చి, “లోపల సీసాలన్నీ నీళ్ళేనా మేడమ్, వీటికి ఫ్రిజ్ ఎందుకు” అని అడిగి, రెండు రోజుల్లో బాగుచేసిచ్చాడు.

కాలవ నీళ్ళ లెక్కలు నా దగ్గర ఉండవు. అవి శుద్ధి కేంద్రం వాళ్ళ రిజిస్టర్లో ఉంటాయి. వాళ్ళది వాళ్ళకి, మాది మాకు. రెండూ పక్కపక్కన పెట్టి ఎవరూ చూడరు. మీరడిగారని వెళ్ళి చూశాను. 168. ఏడాది పొడుగునా అటూ ఇటుగా అంతే. కాలనీ బోరుది కూడా చూశాను, తొమ్మిదొందల పైచిలుకు.

బ్లీచింగు సంగతి: ఆ కాలనీ గొట్టం చివర ఉంది. చివరికి వచ్చేసరికి క్లోరిన్ తగ్గిపోవడం మామూలే. రిపోర్టులో కూడా అలాగే రాశాను.

డిసెంబరు రీడింగు 94. వానలు బాగా పడ్డాయి కాబట్టి బోర్లో నీళ్ళు పల్చబడ్డాయేమో అని కూడా ఒక ఆలోచన. మీరేమంటారు?

ఇక్కడ చలి పెద్దగా లేదు. గిడ్డంగుల వైపు గాలి వస్తే మాత్రం ఆఫీసు మొత్తం తుమ్ముతుంది. మార్చిలో నా కాంట్రాక్టు రెన్యూవల్. అనిల్ కుమార్ గారు మంచిగానే ఉన్నారు, ‘నీ రిపోర్టుల్లో కొట్టివేతలు ఉండవమ్మా’ అని పోయిన వారం అందరి ముందూ అన్నారు. అత్తయ్యకి చెప్పండి, పచ్చళ్ళకి తప్పకుండా వస్తాను.

మీ
శ్రీజ


అద్దంకి,
జనవరి 7.

చి. శ్రీజకి,

మూడు ప్రశ్నలు అడిగితే రెండింటికి జవాబు రాశావు. మూడో దాని దగ్గర నీళ్ళు నమిలి, ఫ్రిజ్ గురించీ తుమ్ముల గురించీ రాశావు. నేను నలభై ఏళ్ళు పిల్లల రికార్డులు చూసినవాణ్ణి, ఏ పేజీ ఎందుకు వదిలేశారో నాకు తెలుస్తుంది.

168 ఉన్న నీళ్ళలో తొమ్మిదొందలు ఉన్న నీళ్ళు కలిపితే 92 ఎలా వస్తుంది? మజ్జిగలో పెరుగు కలిపితే మజ్జిగ ఇంకా పల్చబడుతుందా? వాన పడిందనీ గొట్టం చివరనీ నాకు చెప్పకు. అది మీ కుళాయి నీళ్ళు కాదు. నాకు తెలిసి ఆ లెక్కకి వచ్చేవి ప్లాంటులో వడగట్టి డబ్బాల్లో అమ్మే నీళ్ళే.

సీసా నింపింది ఎవరు?

మామయ్య


తూమువరం,
జనవరి 21.

మామయ్యకి,
నమస్కారాలు.

నేను కాదు. జూలై నుంచి ఒక్కసారి కూడా నేను కాదు.

ఎలా జరిగిందో రాస్తాను. జూలైలో మొదటిసారి కోటేశ్వరి గారింటికి మిట్టమధ్యాహ్నం వెళ్ళాను. ఆవిడ నన్ను చూడగానే ఫ్యాను కింద కుర్చీ వేసింది. కుళాయి ఎక్కడండీ అంటే, “పెరట్లో ఉందిలే, ఎండన పడి వచ్చావు, ముందు కూర్చో” అని నా చేతిలో సీసా తీసుకుని లోపలికి వెళ్ళింది. వచ్చేటప్పుడు ఒక చేతిలో నిండు సీసా, ఇంకో చేతిలో మజ్జిగ గ్లాసు. సీసా మూడుసార్లు తొలిచారా అని అడిగాను. “అయిదుసార్లు తొలిచానమ్మా, మీ సీసాలు దుమ్ముగా ఉన్నయ్యి” అంది. నవ్వి, మజ్జిగ తాగి, చీటీ అంటించుకుని వచ్చేశాను. తర్వాత ప్రతినెలా అంతే. మజ్జిగ బాగుంటుంది మామయ్యా, అల్లం వేస్తుంది. నిబంధనలో ‘స్వయంగా’ అన్న మాట ఉంది. నేను ఆ కాగితం కింద సంతకం చేసి ఉద్యోగంలో చేరాను.

మొన్న పద్దెనిమిదో తారీకున కుర్చీలో కూర్చోలేదు. ఆవిడ వెనకే పెరట్లోకి వెళ్ళాను. కుళాయి పక్కన స్టాండు మీద ఇరవై లీటర్ల డబ్బా. ఆవిడ సీసాని డబ్బా కింద పెట్టి నింపుతోంది.

“కోటేశ్వరి గారూ, అవి కొన్న నీళ్ళు కదండీ?”

“అవునమ్మా. ఆ ఉప్పునీళ్ళు పోసి పంపిస్తానా ఏంది? సీసా మీద మా ఇంటి పేరు రాస్తావు గదా. పెద్దాఫీసులో నలుగురు చూసేది. బాగుండొద్దూ?”

“ఎప్పట్నుంచి ఇవే పోస్తున్నారు?”

“మొదట్నించీ ఇవే. నీ మజ్జిగ కూడా వీటితోనే కలుపుతాను. ఇంటికొచ్చిన ఆడపిల్లకి కుళాయి నీళ్ళు ఎట్టా ఇస్తాం?”

ఆ అర్జీ మీద మొదటి సంతకం ఆవిడదే అని మీకు రాశాను. వెనక వీధి ఆడవాళ్ళ తరఫున ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించింది కూడా ఆవిడే. ఇంకా జవాబు రాలేదేమిటని నన్ను ప్రతినెలా అడుగుతుంది. అర్జీని నిలబెట్టాల్సిన నీళ్ళు కుళాయిలోనే ఉంచి, దాన్ని పడగొట్టే నీళ్ళు నా చేతికిచ్చింది. ఆవిడకి ఆ సంగతి తెలియదు. నాకు చెప్పడానికి నోరు రాలేదు. ఆ సీసా పట్టుకుని వచ్చి, వీధి చివర పారబోశాను.

అనిల్ కుమార్ గారికి చెప్పాను. ఆయన తలుపు దగ్గరికి వేసి, “ఈ నెల నుంచి శాంపిలు ఇంకో ఇంట్లో తీసుకో. పాతవాటి జోలికి పోకు. ఆరు రిపోర్టులు తప్పని నువ్వే రాసిస్తే మార్చిలో నీ రెన్యూవల్ ఫైలు మీద నేనేం రాయను?” అన్నారు. బెదిరింపుగా అనలేదు, నిజంగా నా గురించే ఆలోచించి అన్నారు. కానీ జాబితాకి లెక్కలోకి వచ్చేది ఆ ఆరు రిపోర్టులే. నేను ఊరుకుంటే గిడ్డంగి కాలనీకి గొట్టం రాదు. అంతే సంగతి.

నిజం చెప్పమని మాత్రం రాయకండి, అది నాకూ తెలుసు. ఉద్యోగం పోతే అమ్మకి ఏం చెప్పాలో, కోటేశ్వరి గారి మొహం ఎలా చూడాలో, అవి తెలియడం లేదు. నాకు భయంగా ఉంది. ఏం చెయ్యను?

శ్రీజ


అద్దంకి,
జనవరి 30.

చి. శ్రీజకి,
ఆశీస్సులు.

ఏం చెయ్యాలో చెప్పమన్నావు. దానికంటే ముందు నీకు చెప్పాల్సింది ఒకటి నా దగ్గర పదేళ్ళుగా ఉండిపోయింది.

నీ ప్రాక్టికల్స్ రోజున మీ బ్యాచికి ద్రావణాలు కలిపింది నేను. ఏ నంబరు సీసాకి ఎంత రావాలో ఎగ్జామినరుకి జాబితా రాసిచ్చిందీ నేనే. నీ సీసాకి రావాల్సింది 9.2.

నువ్వు బ్యూరెట్‌ని నీళ్ళతో కడిగి, ద్రావణంతో తొలవకుండానే నింపావు. నేను కిటికీ దగ్గర నుంచుని చూస్తున్నాను. లోపల మిగిలిన నీళ్ళు కలిసి ద్రావణం పల్చబడింది. పల్చబడితే ఎక్కువ పడుతుంది. మూడుసార్లూ అలాగే కడిగావు, మూడుసార్లూ 9.8 వచ్చింది. కాగితం మీద వేసుకుని నా వైపు చూసి నవ్వావు. ఎగ్జామినరు టీకి వెళ్ళాడు. నేను జాబితా చింపి ఇంకోటి రాశాను. నీ నంబరు ఎదురుగా 9.8 వేశాను. నీకు ముప్ఫైకి ముప్ఫై వచ్చాయి. మీ అమ్మ వీధంతా లడ్లు పంచింది. నేనూ రెండు తిన్నాను.

నీ చెయ్యి అప్పుడూ వణకలేదు, ఇప్పుడూ వణకలేదు. తప్పు రీడింగులో లేదు, దానికి ముందు జరిగే పనిలో ఉంది. ఆ సాయంత్రమే నీకు ఆ మాట చెప్పి ఉంటే, నాలుగు మార్కులు పోయేవి, నీకు సీసా ఎవరి చేతికీ ఇవ్వని అలవాటు అయ్యేది. చెప్పలేదు. నువ్వు నవ్వుతున్నావు కదా అని చెప్పలేదు.

అందుచేత కోటేశ్వరి గారి మీద కోపం పెట్టుకోకు. ఆవిడ అభిమానం కొద్దీ నీళ్ళు మార్చింది, నేను అభిమానం కొద్దీ జాబితా మార్చాను. ఆవిడకి తెలియక జరిగింది, నేను తెలిసి చేశాను. చేతులు మండుతున్న వాళ్ళకి మా అభిమానాలతో పనిలేదు. నువ్వు ఏం చెయ్యాలన్నది చెప్పే హక్కు నాకు ఉందో లేదో నువ్వే చూసుకో.

మామయ్య


తూమువరం,
ఫిబ్రవరి 14.

రామకాంత్ గారికి,

మీ ఉత్తరం అందింది.

నాకు కోపంగా ఉంది. మీరు చేసినదానికి కొంత, ఇప్పుడు చెప్పినందుకు ఎక్కువ. ఇంటర్వ్యూలో ఆ ముగ్గురి ముందు నేను చెప్పుకున్న ఒక్క గొప్పా నాది కాదని తెలిసింది. రెండు రోజులు బ్యూరెట్ ముట్టుకోలేదు. మూడో రోజు ముట్టుకుంటే చెయ్యి వణికింది. వణకలేదని రాశారు కదా, ఇప్పుడు వణుకుతోంది.

అనిల్ కుమార్ గారికి నేనింకా ఏ కాగితమూ ఇవ్వలేదు. జనవరి రిపోర్టులో గిడ్డంగి కాలనీ గడి ఖాళీగా ఉంది. గొట్టం జాబితా వచ్చేది మార్చి పదో తారీకున.

ఇక సీసాలు పంపడం లేదు.

శ్రీజ


అద్దంకి,
ఫిబ్రవరి 24.

చి. శ్రీజకి,

నీ కోపం న్యాయమైనది. 

మీ అత్తయ్యకి కూడా నేను మార్చిన ఆ మార్కుల జాబితా సంగతి చెప్పాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నాకు వినపడదు కాబట్టి అది తెలుసుకోవడానికి ఒక పూట పట్టింది.

నీ ఖాళీ సీసాలు మూడూ బస్సులో పంపుతున్నాను. వాటితో నా బ్యూరెట్ కూడా ఉంది, తువ్వాల్లో చుట్టాను, జాగ్రత్తగా విప్పు. నాకు ఇక్కడ దానితో పని లేదు, పప్పు ఉడికిందో లేదో చూడ్డానికి గరిటె చాలు. సీసాలు కడిగాను. అయినా నువ్వు మళ్ళీ కడుక్కో, నా మాట నమ్మకు.

రామకాంత్


తూమువరం,
మార్చి 24.

మామయ్యకి,
నమస్కారాలు.

బ్యూరెట్ చెక్కుచెదరకుండా చేరింది. సీసాలు మళ్ళీ కడిగాను.

అవి వచ్చిన మర్నాడు, ఫిబ్రవరి ఇరవై ఏడున, కాగితం రాసిచ్చాను. ‘జూలై నుంచి డిసెంబరు వరకు గిడ్డంగి కాలనీ శాంపిళ్ళు నేను స్వయంగా సేకరించలేదు. అవి కుళాయి నీళ్ళు కావు. ఆ ఆరు రిపోర్టులను వెనక్కి తీసుకుంటున్నాను.’ మూడు వాక్యాలే. కోటేశ్వరి గారి పేరు రాయలేదు, నాది మాత్రం రాశాను. అనిల్ కుమార్ గారు రెండు రోజులు దాన్ని పేపరువెయిటు కింద ఉంచుకుని, మూడో రోజు పైకి పంపారు. సంతకం పెడుతూ నా వైపు చూడలేదు.

జరిగింది ఇది. రిపోర్టులు రద్దయ్యాయి కానీ వాటి చోట వేరే లెక్కలు లేవు. లెక్కలు లేని కాలనీని జాబితాలో పెట్టడం కుదరదన్నారు. గొట్టం ఇంకో కాలనీకి వెళ్ళింది. గిడ్డంగి కాలనీ అర్జీ మళ్ళీ తెరిచారు. కొత్తగా ఆరు నెలలు పరీక్ష చేసి, వచ్చే ఏడాది జాబితాకి చూస్తారట. అంటే ఇంకో మిర్చి సీజను మొత్తం వాళ్ళ చేతులు మండుతాయి. దానికి కారణం నేను. ఈ మాట రాయడానికి చాలాసేపు పట్టింది. నాకు మెమో ఇచ్చారు, కాంట్రాక్టు జూన్ దాకానే పొడిగించారు. అమ్మకి చెప్పాను. తిట్టింది, తర్వాత అన్నం పెట్టింది.

కాగితం ఇచ్చిన సాయంత్రమే కోటేశ్వరి గారింటికి వెళ్ళాను. కుర్చీ వేసింది, కూర్చోలేదు. అంతా చెప్పాను. ఆవిడ గడప మీద కూర్చుని విన్నది. చివర్లో, “అయితే వాళ్ళ నోట్లో మట్టి కొట్టింది నేనేనా?” అంది. కాదండీ, సీసా మీ చేతికిచ్చింది నేను అన్నాను. ఆవిడ లేచి లోపలికి వెళ్ళింది. మజ్జిగ ఇవ్వలేదు. ఎదురుచూసి వచ్చేశాను.

తర్వాత అంకయ్య చెప్పాడు. మర్నాడు పొద్దున ఆవిడే తొడిమలు తీసే షెడ్డుకి వెళ్ళి, అందరి మధ్యా నుంచుని జరిగింది చెప్పిందట. ఒకరిద్దరు గట్టిగానే అన్నారట. ఆవిడ ఆ మాటలన్నీ పడి, సాయంత్రం షెడ్డు వదిలే వేళకి తన ఇంటి ముందు తొట్టి పెట్టి, దాన్నిండా డబ్బా నీళ్ళు పోసి, పక్కన సబ్బు పెట్టిందట. ఆ రోజు ఎవరూ ఆ వైపు రాలేదు. నాలుగో రోజు ఇద్దరు వచ్చారు. ఇప్పుడు వరసలో నుంచుంటున్నారని అంకయ్య లెక్క.

మొన్న ఇరవయ్యో తారీకున శాంపిలుకి వెళ్ళాను. సందులోంచి నేరుగా పెరట్లోకి వెళ్ళి, కుళాయి రెండు నిమిషాలు వదిలాను. సీసా మూడుసార్లు తొలిచి నేనే నింపాను. బ్లీచింగు వాసన ముక్కుకి కొట్టింది. ఆవిడ గుమ్మంలో నుంచుని చూస్తూ ఉంది. పని అయ్యాక లోపలికి వెళ్ళి, ఎప్పుడూ నాకు మజ్జిగ ఇచ్చే స్టీలు గ్లాసు తెచ్చి కుళాయి కింద పట్టింది. నా ముందుకు చాపింది.

“ఇయ్యే మా ఇంటి నీళ్ళు. తాగుతావా?”

తాగాను. ఉప్పగా, నాలిక మీద సున్నం పూసినట్టు ఉన్నాయి. మొత్తం తాగి గ్లాసు ఇచ్చాను. ఆవిడ గ్లాసు తీసుకుని, “వచ్చే నెల అల్లం ఉంటే మజ్జిగ చేస్తాలే, డబ్బా నీళ్ళతో” అంది.

ల్యాబుకి వచ్చి మీ బ్యూరెట్‌ని ముందు నీళ్ళతో కడిగాను. తర్వాత ద్రావణంతో తొలిచాను, రెండుసార్లు. మొదటిసారి 640 వచ్చింది. రెండోసారి 648. మూడోసారి 640. ఎంత రావాలో నాకెవరూ చెప్పలేదు. చెయ్యి కాస్త వణికింది, అయినా రీడింగు నిలిచింది.

ఆ సీసాలో సగం మిగిలింది. ఈ బస్సుకే మీకు పంపుతున్నాను, మూడో నంబరు చీటీ తియ్యలేదు. అత్తయ్యతో పప్పు పెట్టించండి. ఉడకదు. అయినా పెట్టించండి.

మీ
శ్రీజ